జిగణి రాళ్ళ యార్డులో వంటింటి గట్టుకు బండ ఎంపిక: ఒక కొనుగోలుదారు సమీక్ష

బెంగళూరులో కొత్తగా ఇల్లు కట్టుకునేవారికైనా, పాత వంటింటిని బాగుచేయించుకునేవారికైనా జిగణికి వెళ్ళమని చెప్పేవారు ఎవరో ఒకరు ఎదురవుతారు. నగరానికి దక్షిణంగా ఆనేకల్ తాలూకాలో ఉన్న ఆ పారిశ్రామిక వాడలో, క్వారీల నుంచి వచ్చిన రాతి దిమ్మెలను పలకలుగా కోసి, మెరుగుపెట్టి, చదరపు అడుగుల లెక్కన అమ్మే యార్డులు చాలా ఉన్నాయి. మా వంటింటి గట్టుకు, గట్టు కింది అరలకు, పూజగది నేలకు రాయి కోసం అక్కడి ఒక మధ్యతరహా యార్డుకు వెళ్ళాము. ఈ సమీక్ష దాని గురించే. తీర్పు ముందే చెబుతున్నాను: గ్రానైటు జాతి రాళ్ళకూ కడప బండలకూ ఈ యార్డు మంచి చోటు, పాలరాతికి మాత్రం కాదు. ధరలో అది చుట్టుపక్కల యార్డులకన్నా చెప్పుకోదగినంత తక్కువేమీ కాదు. అయితే ఏ రాయి ఎక్కడిదో, ఎలా పుట్టిందో అడిగితే జవాబు చెప్పగలిగే మనిషి అక్కడ ఉన్నారు. వంటింటి రాయికి మెరుపుకన్నా పుట్టుక ముఖ్యమని, గట్టు మీద అది రేపు ఎలా మెలగుతుందో ఆ పుట్టుకే నిర్ణయిస్తుందని నమ్మేవారికి ఈ సదుపాయం చిన్నది కాదు.

యార్డులో పలకలను ఇనుప చట్రాలకు ఆనించి వరుసలుగా నిలబెట్టారు. వరుస వరుసకూ ఒక చీటీ ఉంది: బ్లాక్ గెలాక్సీ, జెట్ బ్లాక్, టాన్ బ్రౌన్, పారడైసో, కాశ్మీర్ వైట్. వ్యాపారంలో స్థిరపడిన ఈ పేర్లు రాయి గురించి చెప్పేది చాలా తక్కువ. కాశ్మీర్ వైట్ తమిళనాడు నుంచి వస్తుంది, కాశ్మీరుతో దానికి ఏ సంబంధమూ లేదు. కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన అగ్నిశిలలు, నీటి అడుగున బురదా ఇసుకా పేరుకుని బిగిసిన అవక్షేప శిలలు, ఆ రెండు రకాలూ భూగర్భంలోని వేడికీ ఒత్తిడికీ లోనై మరో రూపం దాల్చిన రూపాంతర శిలలు, ఇలా మూడు జాతులూ అక్కడ పక్కపక్కనే నిలబడి ఉంటాయి గానీ, ఏది ఏ జాతిదో చీటీ మీద ఎక్కడా రాసి ఉండదు. పలకల బాధ్యత చూసే పెద్దాయన తాడిపత్రివారు. మా తెలుగు వినగానే దగ్గరికి వచ్చి, "చీటీ మీద పేరు వదిలేయండమ్మా, ఏ క్వారీదో అడగండి" అన్నారు. ఆ తరువాత మేము ఏ పలక ముందు ఆగినా ఊరి పేరుతో సహా చెప్పారు.

అందరూ మొదట ఆగేది బ్లాక్ గెలాక్సీ దగ్గరే, మేమూ అంతే. ఇది ప్రకాశం జిల్లాలో ఒంగోలుకు దగ్గరగా ఉన్న చీమకుర్తి రాయి. నల్లని నేల మీద బంగారు చుక్కలు చల్లినట్లుండే ఈ రాతికి ప్రపంచమంతటా గిరాకీ ఉంది. వ్యాపారులు గ్రానైటు అంటున్నా, భూవిజ్ఞానం ప్రకారం ఇది గాబ్రో వర్గానికి చెందుతుంది. అంటే ఇనుము, మెగ్నీషియం ఎక్కువగానూ, సిలికా తక్కువగానూ ఉన్న శిలాద్రవం నేల పైకి రాకుండా లోపలే నిలిచిపోయి, ఎంతో నెమ్మదిగా చల్లారితే ఏర్పడిన రాయి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైటు అనే పైరాక్సీన్ ఖనిజపు స్ఫటికాలు. వాటి లోపల ఇమిడి ఉన్న అతి సన్నని రేకుల మీద వెలుగు పడి వెనక్కు తిరగడం వల్ల ఆ మెరుపు వస్తుంది. కనుక అది పైన పూసిన మెరుపు కాదు, రాయి అరిగినా చుక్క పోదు. పెద్దాయన పలకను నీటితో తడిపి, ఎండలోకి తిప్పి చూపించారు. చుక్కలు ఒకచోట గుంపుగానూ మరొకచోట పలచగానూ ఉన్న పలకను ధర తగ్గించి ఇస్తామన్నారు. వాడకంలో ఆ రెంటికీ ఏ తేడా ఉండదని కూడా ఆయనే చెప్పారు. అమ్మేవారి నోటి నుంచి ఇలాంటి మాట వినడం అరుదు.

పక్క వరుసలోని జెట్ బ్లాక్ కూడా నల్లనిదే, కానీ దానిలో కంటికి ఆనే స్ఫటికాలు లేవు. ఆ తేడా రంగు వల్ల వచ్చినది కాదు, చల్లారిన వేగం వల్ల వచ్చినది. పాకాన్ని కదపకుండా నింపాదిగా చల్లారనిస్తే పటికబెల్లం పలుకులు పెద్దవిగా కట్టినట్లు, శిలాద్రవం ఎంత నెమ్మదిగా చల్లారితే స్ఫటికాలు అంత పెద్దవవుతాయి. నల్లరాళ్ళలో చాలావరకు డోలరైట్లు. పాత రాతిలో ఏర్పడిన నిలువు చీలికల్లోకి శిలాద్రవం చొచ్చుకుని వచ్చి, చుట్టూ ఉన్న చల్లని రాతి వల్ల త్వరగా గడ్డకట్టి, గోడల్లా నిలిచిపోయినప్పుడు ఈ సన్నని పలుకు గల రాయి తయారవుతుంది. తెలంగాణ, కర్ణాటక గ్రానైటు నేలల్లో ఇటువంటి నల్లని గోడలు మైళ్ళ కొద్దీ సాగుతాయి. ఈ రాయి కొనేవారు ఒక మోసం విషయంలో జాగ్రత్త పడాలి. బూడిద రంగు రాతికి నల్లరంగు పట్టించి జెట్ బ్లాక్‌గా అమ్మేవారు ఉన్నారు. తెల్లగుడ్డను అసిటోన్‌లో, అంటే గోళ్ళరంగు తీసే ద్రవంలో, ముంచి పలక మూలన గట్టిగా రుద్దితే రంగు పూసినది గుడ్డకు అంటుకుంటుంది. ఈ యార్డులో అడగకముందే గుడ్డ ఇచ్చారు. అంతకుముందు మేము చూసిన మరో దుకాణంలో ఈ పరీక్షకు ఒప్పుకోలేదు.

అసలైన గ్రానైటు అంటే టాన్ బ్రౌన్ వంటివి చూడాలి. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చే ఈ రాతిలో గోధుమ ఎరుపు రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికాలు పెద్దపెద్దవిగా కనిపిస్తాయి. వాటి మధ్య ఖాళీల్లో, చల్లారే క్రమంలో అన్నిటికన్నా చివర గట్టిపడిన క్వార్ట్జ్ అనే ఖనిజం అమరి ఉంటుంది. 1812లో ఫ్రెడరిక్ మోస్ ఏర్పరచిన కాఠిన్యపు మెట్లలో క్వార్ట్జ్‌ది 7, ఫెల్డ్‌స్పార్‌ది 6. వంటింటి కత్తి ఉక్కు సాధారణంగా వాటికన్నా కాస్త మెత్తనిది కనుక, ఇలాంటి గట్టు మీద కూర తరిగితే గీత పడదు, కత్తి పదునే పోతుంది. మన రోళ్ళకూ తిరగళ్ళకూ సన్నికల్లుకూ ఈ జాతి రాళ్ళనే వాడడం అనుభవం నేర్పిన తెలివి. గ్రానైటు చూడాలని ఉన్నవారికి బెంగళూరులో కష్టమేమీ లేదు. మైసూరు దారిలో కనిపించే రామనగర కొండలు క్లోజ్‌పేట గ్రానైటు అనే పొడవాటి రాతి పట్టీలో భాగం. అది సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో గడ్డకట్టింది. దాని మీద ఉన్న కిలోమీటర్ల మందపు రాయి వానకూ ఎండకూ గాలికీ అరిగి కొట్టుకుపోయిన తరువాతనే అది బయటపడింది. బరువు తొలగిన రాయి వ్యాకోచించి ఉపరితలానికి సమాంతరంగా పొరలు పొరలుగా విచ్చుకోవడం వల్లనే ఆ కొండలకు నున్నని గుండ్రని రూపం వచ్చింది. పూర్వం ఈ ప్రాంతపు క్వారీల్లో రాతి మీద నిప్పు పేర్చి, వేడికి పైపొర ఉబ్బి లేచేలా చేసి పలకలు తీసేవారు. ఇప్పుడు వజ్రపు పొడి పొదిగిన తీగ రంపాలు ఆ పని చేస్తున్నాయి.

ఇంత గట్టి రాయి కూడా మారకుండా ఉండదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా తెల్లని బంకమట్టిగా మారుస్తుంది, ఇనుము ఉన్న ఖనిజాలు తుప్పుపట్టి ఎర్రబడతాయి. బెంగళూరులో పునాది తవ్విన ప్రతిచోటా కనిపించే ఎర్రమట్టి అలా కుళ్ళిన రాయే. క్వారీలో పైభాగం నుంచి తీసిన దిమ్మెల్లో ఈ మార్పు అప్పటికే మొదలై ఉండవచ్చు. అటువంటి పలకలో ఫెల్డ్‌స్పార్ మెరవకుండా పాలిపోయి ఉంటుంది, నీటిచుక్క వేస్తే కొద్దిసేపట్లోనే పీల్చుకుని ఆ చోట నల్లబడుతుంది, పసుపూ నూనే కూడా అలాగే ఇంకుతాయి. ఈ యార్డులో ఒక టాన్ బ్రౌన్ వరుసలో ఇటువంటి పలకలు నాకు కనిపించాయి. చూపించగా పెద్దాయన కాదనలేదు, వాటిని మెట్లకూ ప్రహరీకీ మాత్రమే అమ్ముతామన్నారు. అలా అయితే వాటిని విడిగా నిలబెట్టి ఉండవలసింది. తెలియనివారు అదే ధరకు గట్టు కోసం తీసుకుపోయే ప్రమాదం ఉంది.

పారడైసో వరుస దగ్గర మా వారు చాలాసేపు నిలబడిపోయారు. ఊదా, గులాబీ, బూడిద రంగు చారలు అలలు అలలుగా మెలికలు తిరిగిన ఆ రాయి రూపాంతర శిల. పుట్టినప్పటి రాయి భూమి లోతుల్లోకి దిగిపోయి, అక్కడి వేడికీ అన్ని వైపుల నుంచీ పడే ఒత్తిడికీ కరగకుండానే మెత్తబడి, లోపలి ఖనిజాలు తిరిగి స్ఫటికీకరణ చెంది, లేత రంగువి ఒక చారగా ముదురు రంగువి మరొక చారగా విడిపోతే నైస్ అనే శిల అవుతుంది. వేడి ఇంకా పెరిగి కొంత భాగం కరిగితే ఆ కరిగినది చారల మధ్యకు చొరబడి ఇలాంటి సుడులు ఏర్పడతాయి. బెంగళూరు నగరం నిలబడి ఉన్నదే నైస్ మీద. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం ఉన్న గుట్ట సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటిది. మైసూరు భూవిజ్ఞాన శాఖకు చెందిన డబ్ల్యు.ఎఫ్. స్మీత్ 1916లో ఈ శిలా సముదాయానికి పెనిన్సులార్ నైస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ గుట్ట జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. అక్కడికి పొద్దున నడకకు వెళ్ళేవారు కాళ్ళ కింది చారలను ఒకసారి గమనించి, తరువాత యార్డుకు వెళితే పలకల మీది చారలు డిజైను కోసం గీసినవి కావని అర్థమవుతుంది.

అందానికి ఒక వెల ఉంటుంది. నైస్‌లో నల్లచారలు తరచుగా అభ్రకంతో నిండి ఉంటాయి. అభ్రకం రేకులుగా ఊడే ఖనిజం కనుక ఆ చారల వెంట రాయి బలహీనంగా ఉంటుంది. సింకు ముందు మిగిలే సన్నని పట్టీకి అడ్డంగా అలాంటి చార వస్తే, బరువైన గిన్నె పడినప్పుడు అక్కడే విరుగుతుంది. పలక వెనుక అంటించిన వలకూ, జిగురులా పట్టి గట్టిపడే రెసిన్‌కూ కారణం ఇదే. వల ఉన్నంతమాత్రాన రాయి చెడ్డదని కాదు, కానీ వల ఎందుకు వేయవలసి వచ్చిందో అడగాలి. అడిగితే ఈ యార్డులో పలకను తిప్పి చూపించారు, వెలుతురుకు అడ్డుగా పట్టి సన్నని పగులును కూడా వారే గుర్తించారు. ఆ పలక మేము తీసుకోలేదు.

ఈ యార్డులో నాకు అన్నిటికన్నా నచ్చినది కడప బండల విభాగం. ఖరీదైన రాళ్ళ మధ్య చాలాచోట్ల వీటిని ఒక మూలకు తోసేస్తారు. ఇక్కడ మాత్రం పెద్దాయన సొంత ప్రాంతపు రాయి కావడం వల్లనేమో, వీటికి ముందు వరుస దక్కింది. కడప పరివాహిక దాదాపు 44,000 చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో పరచుకున్న ప్రాచీన అవక్షేపాల గిన్నె. దానిలో అవక్షేపాలు పేరుకోవడం మొదలై 180 కోట్ల ఏళ్ళు దాటింది. ఆ కాలపు లోతులేని సముద్రాల్లో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు సున్నపురాతిని పోలిన వేంపల్లె డోలమైట్‌లో నేటికీ కనిపిస్తాయి. నీటి అడుగున చేరిన సున్నపు బురద, పైన పడిన పొరల బరువుకు నీరు వదిలి, గట్టిపడి నాపరాయి అయింది. ఒక్కొక్క పొరా విడివిడిగా పేరుకున్నది కనుక ఉలి పెట్టి కొడితే ఆ పొర వెంబడే చక్కగా పలకలా లేచి వస్తుంది, గ్రానైటులా రంపంతో కోయవలసిన అవసరం తక్కువ. బేతంచెర్ల బండలైనా, తాండూరు, షాబాదు బండలైనా చవకగా దొరకడానికి వెనుక ఉన్న రహస్యం ఆ పొరలే. పొరలను కళ్ళారా చూడాలంటే గండికోట దగ్గర పెన్నా నది కోసిన లోయ అంచున నిలబడితే చాలు. అక్కడివి ఎక్కువగా క్వార్ట్జైటు, అంటే ఇసుకరాయి మరింత గట్టిపడి మారిన రాతి, పొరలు, కానీ పేరుకున్న తీరు ఒకటే.

కడప రాతితో ఒక ఇబ్బంది ఉంది, దానిని ఈ యార్డు దాచలేదు. సున్నపురాయికి పులుపు పడదు. పెద్దాయన ఒక ముక్క మీద నిమ్మచెక్క పిండి వదిలేశారు. కొంతసేపటికి తుడిచి చూస్తే ఆ చోట మెరుగు పోయి తెల్లని మచ్చ మిగిలింది. సున్నపురాతిలోని ముఖ్య ఖనిజమైన కాల్సైటు ఆమ్లంతో కలిసి కరిగి బొగ్గుపులుసు వాయువును వదలడం వల్ల అలా జరుగుతుంది. ఇదే పని స్వల్పంగా ఆమ్లత ఉన్న భూగర్భజలం లక్షల ఏళ్ళపాటు చేస్తే బెలుం గుహలు ఏర్పడతాయి. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలు కూడా నల్ల సున్నపురాతిలో నీరు తొలిచినవే. చింతపండు పులుసు, ఆవకాయ, గోంగూర రోజూ ఒలికే తెలుగు వంటింట్లో ఈ రాయిని గట్టు మీద వేయడం సరికాదు. కానీ డబ్బాలు పెట్టుకునే అరలకు, బియ్యం బస్తా కింద పరిచే బండకు దీనిని మించినది లేదు. చెదలు పట్టదు, చెమ్మకు ఉబ్బదు, ప్లైవుడ్‌కన్నా చవక. మా అత్తగారు గట్టుకు కూడా ఇదే కావాలన్నారు. నిమ్మచెక్క మచ్చ చూశాక అరలతో సరిపెట్టుకున్నారు.

పాలరాయి విషయంలో యార్డు నిరాశపరచింది. పాలరాయి కూడా సున్నపురాయే, భూగర్భపు వేడికి దానిలోని కాల్సైటు తిరిగి స్ఫటికీకరించి, ఒకదానిలో ఒకటి ఇమిడిన పలుకులుగా మారింది. అందుకే వెలుగు కొంత లోపలికి దిగి మెత్తని కాంతి వస్తుంది. తాజ్‌మహల్‌కు వాడిన మక్రానా రాయి అటువంటిదే. రూపం మారినా ఖనిజం మారలేదు కనుక కాఠిన్యం 3 దగ్గరే ఆగుతుంది, పులుపుకు అదే బలహీనత ఉంటుంది. పాలరాయి చూసే కుర్రవాడు మాత్రం పైన సీలర్ పూస్తే నిమ్మరసం కూడా ఏమీ చేయదని చెప్పాడు. సీలర్ మరక లోపలికి ఇంకడాన్ని ఆలస్యం చేస్తుందే గానీ ఆమ్లానికీ కాల్సైటుకూ జరిగే చర్యను ఆపదు. పైగా మక్రానా పేరుతో చూపించినది ఏ క్వారీదో బిల్లు మీద రాయమంటే రాయలేదు. పూజగదికి కూడా చివరకు వేరేచోట కొనవలసి వచ్చింది.

కార్ఖానాలో తయారైన క్వార్ట్జ్ పలకలు కూడా ఒక వైపు ఉన్నాయి. పిండిచేసిన క్వార్ట్జ్‌ను రెసిన్‌తో కలిపి అచ్చుపోసినవి అవి. మరక పట్టవు, కానీ పొయ్యి మీద నుంచి దించిన మూకుడు నేరుగా పెడితే రెసిన్ కమిలిపోతుంది. దోసెపెనం దించే చోటు అవసరమైన ఇంటికి అవి పనికిరావని నా అభిప్రాయం, అందుకని వాటిని పెద్దగా పరిశీలించలేదు.

చివరకు గట్టుకు బ్లాక్ గెలాక్సీ, అరలకు కడప బండ తీసుకున్నాము. ఎంచుకున్న పలకల మీద మా ముందే సుద్దతో గుర్తు పెట్టారు, ఇంటికి వచ్చినవీ అవే. పలకలన్నీ ఒకే దిమ్మె నుంచి కోసినవి కావాలని ముందే చెప్పాలి. ఒకే క్వారీలో కూడా శిలాద్రవం అంతటా ఒకేలా చల్లారదు కనుక దిమ్మె మారితే చుక్కల ఒత్తు మారుతుంది, అతుకు దగ్గర ఆ తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఎక్కించడం, దించడం ఖర్చు వేరుగా ఉంటుందని బిల్లు వేసే సమయం వరకు చెప్పకపోవడం బాగాలేదు. లారీ కూడా చెప్పిన రోజుకు రాలేదు, ఫోను చేస్తే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

కోత గురించి ఒక మాట రాయక తప్పదు. యార్డు లోపల పెద్ద రంపాలు నీటితో నడుస్తున్నాయి, కానీ అంచులు గుండ్రం చేసే కుర్రవాళ్ళు ముఖానికి గుడ్డ కూడా లేకుండా పొడిగా సానపడుతున్నారు. క్వార్ట్జ్ ఉన్న రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే నయంకాని జబ్బు వస్తుంది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి కార్ఖానా క్వార్ట్జ్ పలకలను నిషేధించడానికి కారణం ఈ ధూళే. యజమానితో ఈ సంగతి చెప్పాను, విన్నారు, నవ్వి ఊరుకున్నారు. అక్కడ కొనేవారు సింకుకూ కుళాయికీ స్టవ్‌కూ కొలతలు ముందే రాసుకుని వెళ్ళి, ఆ కోతలన్నీ యార్డులోనే నీటి రంపం మీద చేయించుకోవాలి. ఇంటికి వచ్చి చేసే మేస్త్రీ చేతి రంపంతో పొడిగానే కోస్తాడు, ఆ తెల్లటి ధూళి అతని ఊపిరిలోకీ ఇంట్లోని పిల్లల ఊపిరిలోకీ పోతుంది. యార్డులో కోయించినందుకు అదనంగా అడిగే మొత్తం కూడా ఎక్కువేమీ కాదు, బేరం ఆడితే కొంత తగ్గిస్తారు.